పెద్దవ్వ: చీరాల నేతవీధి చరిత్రమున నొక యధ్యాయము



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు "మన కులపెద్దలు" అను శీర్షిక క్రింద నొక చరిత్రవ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు నాకు జాబు వ్రాసిరి. దానితో పది పేర్ల పట్టిక నొకదానిని జతపరచిరి. అందలివారందరును పూజ్యులే. సత్రములు కట్టించినవారు కొందరు. బీదవిద్యార్థులకు వసతిగృహములు నెలకొల్పినవారు కొందరు. నేతపనివారి కష్టములను ప్రభుత్వమునకు విన్నవించినవారు మరికొందరు. వారి చరిత్రములు గడచిన సంచికలలో వెలువడియే యున్నవి. వానినే తిరిగి నేను వ్రాయుటవలన చదువరులకు గలుగు లాభము స్వల్పము. కావున నా పట్టికలో లేని యొక ముసలమ్మను గూర్చి వ్రాయ సాహసించుచున్నాను.

ఆమె సభాధ్యక్షురాలు గాదు, దాత గాదు, సంతకము చేయనేర్చినదియు గాదు. పేరాలలో పుట్టి, చీరాలలో మెట్టి, నేతవీధిలోని యొక పెంకుటింట కాపురము చేసి, సుమారు తొంబది యేండ్ల వయస్సున 1981 సం॥న కన్నుమూసెను. నాకు నాయనమ్మ, వీధివారికందరికిని పెద్దవ్వ. తన యింటి ముచ్చటను మహాసభ సంచిక కెక్కించుచున్నాడని యెవరైన ననుకొందురేమో. అనుకొనవచ్చును. కాని మన వృత్తిచరిత్రమును మన మెప్పుడును మగ్గపుగుంటలో కూర్చుండియే చూచితిమి. వసారాలో రాట్నము కడ కూర్చుండి చూచిన నది యెట్లు కానవచ్చునో యెవరును వ్రాసినట్లు నే నెరుగను.

ఆమె పుట్టిన సంవత్సర మే కాగితమునను లేదు. బెజవాడనుండి చెన్నపట్టణమునకు రైలుమార్గము పూర్తియై బండ్లు నడువసాగినది 1899 సం॥న. "రైలొచ్చిన ఏడు నాకు పాలపళ్ళు ఊడుతున్నయ్యి" అని యామె చెప్పుచుండెడిది. దానినిబట్టి 1892 ప్రాంతమున బుట్టినదని మే మెంచుకొంటిమి. ఆనాటికి చీరాల కృష్ణామండలములోనిది. 1904 సం॥న గుంటూరు మండల మేర్పడగా నందు చేరెను. 1970 సం॥న ఒంగోలు జిల్లా యేర్పడగా నందు చేరెను. దానికే తరువాత ప్రకాశము జిల్లాయని పేరు వచ్చెను. ఆమె పోయిన నలువది యేండ్లకు, 2022 సం॥న, ఆ వీధియే బాపట్ల జిల్లాలోనిదయ్యెను. జిల్లా లిన్ని మారినను పెద్దవ్వ మాత్ర మొక్కమారే, పదునొకండవ యేట పెండ్లియై, పేరాలనుండి చీరాలకు కదలెను. కాదు, రెండుమార్లు కదలెను. ఆ రెండవ కదలిక సంగతి ముందు చెప్పెదను.

నేతగాడనగా నెవడు? గుంటమగ్గమున కాళ్లు దించి కూర్చుండి నాడె యాడించువాడని లోకము చెప్పును. మనమును చెప్పుదుము. ఆ నాడెలోని కండె యెచ్చటనుండి వచ్చెను? మిల్లునూలు కట్టలుగా వచ్చును. కట్ట విప్పి చిలపలు విడదీయవలెను. చిలపను నానవైచి, ఆరవైచి, తిరుగుడుచట్రమునకు తగిల్చి, రాట్నముతో చుట్టవలెను. పడుగునూలు వేరు, పేకనూలు వేరు. పడుగున కాసు పోయవలెను. ఈ కొస మేకునుండి యా కొస మేకునకు, ఆ కొసనుండి యీ కొసకు, పోగు తప్పకుండ దారము నడిపించుకొనుచు తిరుగవలెను. ఊరక యటునిటు తిరుగువానిని ఆసులో కండెవలె తిరుగుచున్నాడని తెలుగువా రందురు గదా. ఆ మాట పుట్టినది మన వాకిళ్లలోనే. మా పెద్దవ్వ యొక పడుగునకు తిరిగిన తిరుగుడు కొలిచిన మైళ్లగుననుటలో నాకు సందేహము లేదు.

తరువాత గంజి. ఎండ ముదిరిన గంజి యూరక బిరుసెక్కి పోగులు తెగును. కావున తెల్లవారకముందే వీధి పొడవునను పడుగు సాచి, బియ్యపుగంజి పట్టించి, కుంచెతో దువ్వి, పోగునకు పోగు విడివడునట్లు చేయవలెను. మా వీధిలో కుంచె లాగువారు మగవారు; గంజి కాచువారు, పట్టించువారు, తెగిన పోగును వెదకి ముడివేయువా రాడువారు. పడుగు మగ్గ మెక్కిన పిమ్మట పాతపోగు కొసకు క్రొత్తపోగు కొసను వ్రేళ్లకు బూడిద రాచుకొని యొక్కొక్కటిగా మెలిపెట్టి యతుకవలెను. వేలకొలది పోగులు! ఇది ముగిసినగాని మగవాడు గుంటలోనికి దిగడు. దిగినపిమ్మట నిక కండె లందించుచునే యుండవలెను. పేకకండె తడి యారినచో నేత వదులగును. అందుచేత ముందుగా చుట్టి దాచిపెట్టుటకును వీలు లేదు. మగ్గ మాడినంతసేపును రాట్నము తిరుగవలసినదే.

ఇచ్చట నొక విశేషము చెప్పవలసియున్నది. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములయందు, చేతితో విసరు నాడె పోయి త్రాడు లాగినంతనే పరుగెత్తు నాడె మన తీరప్రాంతములలో వ్యాపించెను. నేత వేగము హెచ్చెనని, దినమునకు నేయు గజములు పెరిగెనని మన వృత్తిచరిత్రలు సంతోషముతో వ్రాయుచున్నవి. నిజమే. కాని నాడె వేగిరపడినకొలది కండెలును త్వరత్వరగా నైపోవును. గుంటలో నొక్కడే కూర్చుండెను; వసారాలో నొకరు చాలక యిద్దరు కూర్చుండవలసివచ్చెను. మా యింట నా రెండవవారు తొమ్మిదేండ్ల మా మేనత్త. ఆమె బడికి పోకుండుటకు కారణము దారిద్ర్యమని మేమనుకొనుచుంటిమి. కారణము త్రాడునాడె యని పెద్దవ్వ చెప్పెడిది. యంత్రమువలన కలిగిన లాభమును లెక్కవేసినవారెవరును మా మేనత్త బడిని లెక్కలో వేయలేదు.

ఇక 1921వ సంవత్సరము. చీరాల పేరాలల చరిత్ర మీలో నెరుగనివారుండరు. ఐనను చిన్నవారికొరకు రెండు మాటలు. ఆ రెండు గ్రామములను కలిపి ప్రభుత్వమువారు పురపాలకసంఘముగా జేసిరి. అంతకుముందు సుమారు 4 వేల రూపాయలుగా నుండిన పన్నుభారము సుమారు 40 వేలకు పెరుగునట్లాయెను. జనసంఖ్య పదునైదువేలకు మించదు. అందు నేతపనివారే మెండు. పన్ను కట్టమని ప్రజలు నిలిచిరి. చెరసాలకు పోయినవారిలో రావూరి అలమేలుమంగమ్మయను స్త్రీయు నుండెను. 1921 ఏప్రిలులో గాంధిమహాత్ముడు చీరాలకు వచ్చి, శాంతముగా పన్నుల నిరాకరించుట యొకటి, ఊరు విడిచి పురపాలకపు హద్దుల వెలుపలికి పోవుట యొకటి, రెండు మార్గములు గలవని చెప్పెను. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జను లా రెండవ మార్గమును గైకొనిరి. హద్దుల కావల పాకలు వైచి దానికి రామనగరమని పేరిడిరి. పదునొకండు నెలలు, ఎండకును వానకును చలికిని, అచ్చటనే యుండిరి.

ఇంతవరకు గ్రంథములు చెప్పునది. పెద్దవ్వ చెప్పినది వేరు. అప్పటి కామెకు ముప్పదేండ్లు నిండలేదు, చంకనొక బిడ్డ. "మగ్గం కర్రలు మోసుకుపోవచ్చు గాని గుంటని ఎట్లా మోసుకుపోతావురా?" అని నన్నడిగెడిది. ఆ ప్రశ్న నే నే చరిత్రగ్రంథమునను చూడలేదు. గుంటమగ్గమనగా కొయ్యలు మాత్రమే గాదు. అది యింటి నేలలో నొక భాగము. రామనగరపు నేల యిసుకనేల. మా తాత త్రవ్విన గుంట యొడ్డులు రెండుమార్లు కూలిపోయెను. తాటిదుంగలు పాతి, మట్టి తెచ్చి మెత్తి, మగ్గము నిలువబెట్టి నాడె యాడించుసరికి నెలదినములు పట్టెనట. ఆ నెలదినములును ఇల్లు గడచిన దెట్లు? రాట్నమునకు గుంట యక్కరలేదు, పాకనీడ చాలును. రామనగరమునకు వచ్చిన మూడవనాడే పెద్దవ్వ రాట్నము తిరుగసాగెను. వేటపాలెము నేతయిండ్లకు నడచిపోయి చిలపలు తెచ్చి, చుట్టి, మరల తీసికొనిపోయి యిచ్చి, కూలిడబ్బులతో నూకలు కొని తెచ్చెడిది. ఒకనాడు చంకబిడ్డకు జ్వరము తగిలినను పోక తప్పలేదనియు, తిరిగివచ్చుసరికి పొరుగు పాకలోని యిల్లాలు తన బిడ్డతోపాటు వానికిని పాలిచ్చి నిద్రబుచ్చెననియు, ఆ యిల్లాలి కులమేదియో తా నడుగనైన లేదనియు జెప్పెను. ఆ బిడ్డయే మా పెదనాయన.

గోపాలకృష్ణయ్యగారు కారాగారమున కేగిరి. 1922 సం॥ తొలినాళ్లలో జనులు మెల్లమెల్లగా నిండ్లకు మరలిరి. ఉద్యమము గెలిచెనా యోడెనా యని చరిత్రకారులు తర్కించుచున్నారు. పెద్దవ్వను నేనొకమా రడిగితిని. "తిరిగొచ్చేసరికి మగ్గం గుంటలో పిల్లి పిల్లల్ని పెట్టింది" అని నవ్వెను. అంతకుమించి యేమియు చెప్పలేదు. ఆమె గర్వపడినట్లును నాకు తోచెను, నొచ్చుకొన్నట్లును తోచెను.

యుద్ధకాలపు నూలుకరవును గూర్చి యెక్కువగా వ్రాయను. అది నేతయిండ్ల కన్నిటికి నొకటే కథ. 1943 సం॥న వస్త్రములకును నూలునకును ప్రభుత్వపు నియంత్రణము వచ్చెను. చీరాలనుండి శాసనసభకు పోయిన ప్రగడ కోటయ్యగారు మున్నగువారు నేతపనివారి కొరకు చేసిన కృషి మీ రెరిగినదే. ఆ కాలమందే చేనేత స్థితిగతులను విచారించుటకు భారతప్రభుత్వము 1941 సం॥న నొక సంఘమును నియమించెను. దేశమున సుమారు 20 లక్షల మగ్గములున్నవని యా సంఘమువా రంచనా వేసిరి. మగ్గముపై కూర్చుండువారికంటె వారికి తోడుపని చేయువారి సంఖ్యయే హెచ్చనియు దేల్చిరి. ఆ తోడుపనివారిలో నధికసంఖ్యాకులు కూలిలేని యింటివారు. వారిలో నొకతె మా వసారాలో నుండెను.

పెద్దవ్వ స్వభావమును గూర్చి కొంత చెప్పవలెను. లేనిచో నామె యొక రాట్నముగా మాత్రమే మిగిలిపోవును. వీధిలో బిడ్డ పుట్టినచో తొలిగుడ్డ యామె యింటినుండి పోవలసినదే. పాతచీర చెరగు, ఎన్నోమారులు ఉతికి మెత్తబడినది, అందులకై వేరుగా నొక కుండలో దాచెడిది. క్రొత్తగుడ్డ పసిబిడ్డ యొంటికి గరుకని యామె మతము. తెగిన నూలుకొసలను పారవేయక పేని, పిల్లలకు మొలత్రాళ్లు చేసి యిచ్చెడిది. అప్పులవాడు వచ్చి యరచునపుడు పెద్దవ్వ పోయి యా యింటి యరుగుపై నూరక కూర్చుండెడిది, ఏమియు మాటలాడదు, వాని గొంతు తగ్గిపోయెడిది. భార్యను కొట్టినవాని యింటికి కండె లీయరాదని వీధి యాడువారందరిచేత నొప్పించి యొకమారు నాలుగుదినములు వాని మగ్గము నిలిపివేసెను. సంఘపెద్దలు తీర్పు చెప్పకముందే వాడు వచ్చి తప్పు చెప్పుకొనెను.

ఆమె యందు లోపములు లేవనను. కోడండ్రు చుట్టిన కండె యామెకు నచ్చెడిది గాదు. వారు నిదురించిన పిమ్మట, దీపము తగ్గించి, వారి కండెలు విప్పి తానే మరల చుట్టెడిది. తెల్లవారి మా తల్లి యది కనిపెట్టి కన్నీరు పెట్టుకొనుట నే నెరుగుదును. చదువుకొన్న కోడలిని గూర్చి సూటిపోటి మాటలును కలవు. ముసలితనమున కొంత మెత్తబడెను.

నేనీ వ్యాసము వ్రాయుటకు గారణమైన సంగతి 1977 సం॥నాటిది. ఆ నవంబరు 19వ తేదీ తుపాను మన తీరమును ధ్వంసము చేసిన విధమును చూచినవారు మరువలేరు. మా వీధిలో మగ్గపుగుంటలన్నియు నీటితో నిండిపోయెను. మగ్గములపై నున్న పడుగులు బురదయై పోయెను. నెలదినములకు గుంట లారి, కొన్ని మగ్గము లాడసాగినవి. అప్పుడు సాయము చేయవచ్చిన యొక సంస్థవారు వీధిలో నేయువారి పట్టిక కావలెననిరి. నాకప్పుడిరువదియేడేండ్లు, చదువుకొన్నవాడనని యా పని నాకు చెప్పిరి. పేరు, వయస్సు, వృత్తి, అని మూడు గడులు. ఇల్లిల్లు తిరిగి వ్రాసితిని. మా యింటికి వచ్చి తండ్రిపేరు కెదుట నేతయని వ్రాసితిని. తల్లికెదుట గృహకృత్యములని వ్రాసితిని. పెద్దవ్వకెదుట "పని లేదు" అని వ్రాసితిని.

ఆమె వసారాలోనే యుండెను. తుపానులో తడిసి మిగిలిన చిలపలను ఉతికి, ఎండలో పరచి, చిక్కుదీసి చుట్టుచుండెను. ఎనుబదియైదేండ్ల వయస్సు. తల యెత్తకయే యడిగెను.

"నన్నేమని రాశావురా?"

"పెద్దదానివని రాశాను నాయనమ్మా."

"పెద్దదాన్నేలే. పనేమని రాశావు?"

నేను మాటలాడలేదు. ఆమె రాట్న మాపెను.

"నన్ను వొదిలెయ్యి. పక్కింటిదాన్ని ఏమని రాశావు? ఆ చివరింటి ఇద్దర్ని ఏమని రాశావు?"

వారు భర్తలు పోయినవారు. ఇంట మగ్గము లేదు. వీధి మగ్గములకు కూలికి కండెలు చుట్టి పొట్టపోసికొనువారు. అట్టివారు మా వీధిలో నలుగురు. నలుగురికిని నేను "పని లేదు" అనియే వ్రాసితిని. మగ్గము లేనివారిని నేతపనివారని యెట్లు వ్రాయుటయని నా తర్కము. పట్టికను సరిదిద్దుదునని సంస్థవారి కడకు పోయితిని. అది యంతకుముందే యొప్పజెప్పబడెను. వారు మంచివారే. మగ్గమునకిన్ని కట్టలని లెక్క. మగ్గము లేనివారికి లెక్క లేదనిరి. ఆ లెక్క వారిది గాదు; నా పట్టికలోనిది.

మా యింటికి నూలుకట్టలు వచ్చెను. ఆనాటి సాయంకాలమే పెద్దవ్వ తనకు నడుమునొప్పి యని రాట్నమును ప్రక్కకు నెట్టెను. ఆ కట్టలన్నియు విడదీసి, ఆ నలుగురికిని పంచి, చుట్టుకూలి రోజురోజునకు మా నాయనచేత నిప్పించెను. మా తల్లిని, మా పిన్నమ్మనుగూడ ముట్టనీయలేదు. ఆ నూలైపోవువరకు, ఇంచుమించు మూడు వారములు, పెద్దవ్వ రాట్నమును తాకలేదు. వసారాలో చేతులొడిలో పెట్టుకొని కూర్చుండెను. ఆమె చేతు లూరకుండుట నేను చూచిన దదియే తొలిసారి. నడుమునొప్పి లేదని మా కందరికి తెలియును. నాల్గవ వారమున మరల పీట వేసికొనెను.

నన్నామె యెన్నడును దెప్పలేదు. ఆ మాట మరల నెత్తనే లేదు. అందువలననే కాబోలు, నాకది తీరలేదు.

1981 సం॥ వేసవిలో, పండుకొన్నచోటనే, తెల్లవారుజామున పోయెను. గంజి పెట్టు వేళకు లేవలేదని మా తల్లి పోయి చూచినది. ఆనాడు వీధిలో నే మగ్గము నాడలేదు. సంఘపెద్ద పోయినపుడుగూడ మధ్యాహ్నమునుండి యాడుట కలదు. ఆ నలుగురిలో బ్రదికియున్న యిద్దరు వచ్చి పాడెకు కట్టుటకు తాము పేనిన నూలుత్రాళ్లు తెచ్చిరి.

నేడు మా వీధిలో మగ్గముల సద్దు మిక్కిలి తగ్గినది. మా యింటి గుంటను పూడ్చి గచ్చు చేయించితిమి. 2019-20 సంవత్సరములలో జరిగిన నాలుగవ జాతీయ చేనేత గణనమునందు దేశమున నేతపనివారును తోడుపనివారును కలసి 35 లక్షల 22 వేలమంది యనియు, వారిలో నూటికి 72 మంది స్త్రీలనియు దేలినది. ఈ గణనములో తోడుపనిని గూడ పని యనియే వ్రాసినారు. ఆ సంఖ్యను చదివిననాడు నేను పెట్టె తెరచి, 1977 సం॥నాటి పట్టిక చిత్తుప్రతిని వెదకి తీసితిని. సిరా వెలిసినది గాని యక్షరములు నావే.

మన మహాసభా మందిరమున భావనాఋషి చిత్రపటము గలదు. ఆయన సహధర్మచారిణి భద్రావతీదేవి కథ మన పిల్లలందరు విన్నదే. ఆ పటమునకు వేయు నూలుదండ ప్రతి సంవత్సరము నెవరు చుట్టుచున్నారో ఈ మారు సభకు వచ్చినపు డడిగి తెలిసికొనవలెనని యున్నది.

పెద్దవ్వ పేరు ఈ వ్యాసమున నెచ్చటను వ్రాయలేదని చదువరులు గమనించియుందురు. దాచుటకు గాదు. వీధిలో నా పేరుతో నామెను పిలిచినవా రెవరును లేరు. నాకే యది చాలకాలము తెలియదు. కార్యదర్శిగారు పంపిన పట్టికను వారికి తిరిగి పంపుచున్నాను. పది పేర్ల క్రింద పదునొకండవదిగా నామె పేరును, ఆపైన నా నలుగురి పేర్లను, నా చేతితోనే వ్రాసితిని. వృత్తి యను గడిలో నైదుగురికిని "నేత" యని వ్రాసితిని.